ముప్పై పెట్టాను, నూట ఇరవై ఉంది

మా ఎదురింటి మేస్టారు మా గడప తొక్కడం ఆ సాయంత్రమే మొదలు. హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇన్నేళ్ళుగా ఎదురుబొదురు ఇళ్ళలో ఉంటున్నా, వీధిలో కనిపిస్తే తల పంకించడమే తప్ప పలకరింపు లేదు. నేను అనకాపల్లి బెల్లం మార్కెట్లో పని ముగించుకుని వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే గేటు తీసుకుని లోపలికి వచ్చారు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"ఏవయ్యా, మద్దేన్నం పూట మా మేడ మీదకి డ్రోను పంపిత్తన్నావంట. మా కోడలు బట్టలు ఆరేసుకోడానికి ఎల్లాలంటే భయపడతంది. ఇదేం పద్ధతి?"

"మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉండను మేస్టారూ. కమీషన్ కొట్లో ఉంటాను. కావాలంటే మా షావుకారుని అడగండి."

"మరి ఎవరు ఎగరేత్తన్నారు? దానికది లేచి ఎల్లిపోతందా?"

నాకు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూసి ఆపుకున్నాను. ఊళ్ళో డ్రోన్లు నా ఒక్కడికే ఉన్నాయా, పెళ్ళిళ్ళ వాళ్ళది ఎవరిదో అయ్యుంటుంది అన్నాను. ఆయన నమ్మలేదు. "ఇంకోసారి కనబడిందా, స్టేషనుకి ఎల్తాను. ముందుగా సెప్పేను, తరవాత నన్ననకు," అని వెళ్ళిపోయారు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "ఆయనకి పనేటి, పొద్దంతా మేడ మీదే ఉంటాడు," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ డ్రోను నా చేతికి వచ్చిన సంగతి చెప్పాలి. పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసే స్నేహితుడు ఒకడున్నాడు నాకు. చుట్టరికం ఏమీ లేదు, బావా అంటే బావా అనుకుంటాం. వాడు కొత్తది పెద్దది కొనుక్కుని, పాత చిన్న డ్రోనుని నాకు ఇచ్చేశాడు. పావు కిలో బరువు కూడా ఉండదు. చేతిలో పెట్టుకుంటే పిచ్చుక పిల్లలా ఉంటుంది. శారదా నది ఇసుకలో నిలబెట్టి ఎగరేయడం నేర్పింది కూడా వాడే. పైకి లేపడం, దింపడం కన్నా ముందు వాడు నేర్పింది ఎత్తు సంగతి.

"బావా, స్క్రీను మీద ఎత్తు చూపిత్తాది గదా, అది నేల మీంచి కాదు. నువ్వు ఎక్కడ్నించి లేపితే అక్కడ్నించి. మేడ మీంచి లేపితే మేడే సున్నా. మర్సిపోకు. సెట్టింగ్స్‌లో ఎత్తుకి హద్దు పెట్టుకోవచ్చు. ముందు ముప్పై మీటర్లు పెట్టు. సెయ్యి తిరిగినాక సూద్దాం."

"పూర్తిగా ఎంత ఎత్తు వెళ్ళొచ్చు?"

"రూలు ప్రకారం నూట ఇరవై. అదీ డ్రోన్లోళ్ళకి సర్కారు పెట్టిన మ్యాపులో మన చోటు పచ్చరంగులో ఉంటేనే. మనకి పక్కనే వైజాగు. నేవీ హెలికాప్టర్లు తిరుగుతాయి. ఆటికి అడ్డం ఎల్లేవంటే నీ బతుకు బస్టాండే."

నేను స్వభావం చేతే భయస్తుణ్ణి. ముప్పై పెట్టాను, అక్కడే ఉంచేశాను. ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనం చేశాక, ఎండ తగ్గాక, మేడ మీద నుంచి లేపేవాణ్ణి. ముప్పై మీటర్ల ఎత్తు నుంచి మా పేట ఒక వింత. నీళ్ళ టాంకుల మూతలు, రేకుల మీద ఎప్పుడో ఎవరో విసిరేసిన చెప్పు, కొబ్బరి మొవ్వుల్లో కాకి గూళ్ళు, మార్కెట్ షెడ్ల వెనక బెల్లం దిమ్మలు దింపుతున్న లారీ. నాకు అది చాలు. పాత ఫోను ఒకటి దానికే వదిలేశాను, స్క్రీనుగా పనికొస్తుందని. డ్రోను, రిమోటు, ఫోను, అన్నీ ఒక సంచీలో పెట్టి బీరువా పైన ఉంచేవాణ్ణి.

మేస్టారు వచ్చి వెళ్ళాక ఎందుకో మనసు నిలవక ఆ సంచీ దింపి చూశాను. అన్నీ సర్దినట్టే ఉన్నాయి. బ్యాటరీ మాత్రం నేను నింపి పెట్టినంత లేదు. ఫోను ఆన్ చేశాను. స్క్రీను వెలుగు కళ్ళలో కొట్టింది. నేను సాయంత్రాలే ఎగరేస్తాను, వెలుగు ఎప్పుడూ సగానికి తగ్గించి పెట్టుకుంటాను. ఇప్పుడది పూర్తిగా పెంచి ఉంది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చూశాను. ఎత్తు హద్దు నూట ఇరవై.

స్నేహితుడికి ఫోన్ చేశాను. బ్యాటరీ సంగతి చెబితే వాడు తేలిగ్గా తీసేశాడు. "ఆ బ్యాటరీలంతే బావా. నిండా ఎట్టి వాడకుండా ఉంచితే కొన్నాళ్ళకి ఆటికవే తగ్గిపోతాయి. పాడవకుండా అలగ సేసేరు."

"ఎత్తు కూడా దానికదే మారుతుందా? ముప్పై పెట్టాను, నూట ఇరవై ఉంది. ఏదైనా అప్‌డేట్ వచ్చిందేమో."

వాడు కొంచెంసేపు మాట్లాడలేదు. "అప్‌డేట్ వత్తే తగ్గుతాదేమో గానీ పెరగదు. హద్దు పెంచాలంటే అది ముందు ఒక నోటీసు సూపిత్తాది. ఇలగ పెంచితే మీ దేశం చట్టం మీరే సూసుకోవాలి, ఒప్పుకుంటన్నారా అని అడుగుతాది. ఎవరో ఒకలు 'ఒప్పుకున్నాను' అని నొక్కాల బావా. నొక్కందే అది మారదు."

ఫోన్ పెట్టేశాక ఆ మాట చెవిలో ఉండిపోయింది. మా ఇంట్లో, నా బీరువా పైన ఉన్న వస్తువులో, ఎవరో ఒకరు నా బదులు ఒప్పుకున్నారు. వాళ్ళు ఎగరేసేది మిట్ట మధ్యాహ్నం. ఎండలో స్క్రీను కనపడటానికే వెలుగు పెంచుకున్నారు.

మొదటి అనుమానం ఆ స్నేహితుడి మీదే వచ్చింది. వాడికి మా ఇల్లు తెలుసు, సంచీ ఎక్కడుంటుందో తెలుసు. ఒకసారి వాడి డ్రోను పాడైతే ఇదే పట్టుకెళ్ళి ఒక పెళ్ళి చేసుకొచ్చాడు కూడా. అంతసేపు ఎందుకు మాట్లాడలేదు? అంత వివరంగా ఎందుకు చెప్పాడు? కాసేపటికి మేస్టారు మీద వచ్చింది. ఈయన నిజంగా చూశాడా, లేక నన్ను వీధిలో అల్లరి చేయడానికి అంటున్నాడా? మా ఆవిడ మీద రాలేదు. ఆవిడ దాన్ని ముట్టుకున్నట్టు నేను ఏనాడూ చూడలేదు. కొత్తలో రెండు మూడుసార్లు నా పక్కన నిలబడి స్క్రీను చూసింది, అంతే. "ఈగ" అనేది దాన్ని. ఈగను తీసుకుని మేడెక్కారా, కాఫీ పైకే తెమ్మంటారా, అని.

హద్దు మళ్ళీ ముప్పైకి తగ్గించాను, వెలుగు సగానికి దించాను, సంచీ పైన పెట్టేశాను. ఎవరితోనూ అనలేదు. ఆ వారంలోనే ఒక సాయంత్రం మళ్ళీ తీసి చూశాను. వెలుగు నిండుగా ఉంది. నూట ఇరవై.

మర్నాడు పొద్దున్న నేనే మేస్టారి గేటు తీసుకుని వెళ్ళాను. "మేస్టారూ, మీరు చూసింది నా డ్రోనేనేమో అని నాకూ అనుమానంగా ఉంది. ఈ రోజు కొట్టుకి సెలవు పెడతాను. మధ్యాహ్నం మీ మేడ మీద కూర్చోనిస్తారా?"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. ఇందులో కూడా ఏదో మోసం ఉందేమో అని తూచినట్టున్నారు. "రా. కానీ నేను కూడా ఉంటాను," అన్నారు.

ఇంట్లో కొట్టుకి వెళ్తున్నాననే చెప్పి బయల్దేరి, మార్కెట్ దాకా వెళ్ళి, చుట్టుతిరిగి వెనక సందులోంచి మేస్టారింటికి చేరాను. ఆయన అప్పటికే నీళ్ళ టాంకు నీడలో రెండు స్టూళ్ళు వేయించారు. గొడుగు తెచ్చుకున్నారు. ఆరేసిన దుప్పటి ఒకటి మాకు అడ్డుగా ఉండేట్టు తీగ మీద జరిపారు. పరీక్ష హాల్లో కాపీ కొట్టేవాళ్ళని పట్టుకోవడం ఇన్నేళ్ళు చేసిన పనే కాబట్టి ఆయనకి ఇదంతా అలవాటులాగే ఉంది. "కదలకు. మాటాడకు. పట్టుకోవాలంటే ముందు మనం ఇక్కడ నేమనుకోవాల వాళ్ళు," అని గుసగుసలాడారు. ఎండకి సిమెంటు కాలిపోతోంది. మా మేడ మీద ఎవరూ లేరు. తీగ మీద నా చొక్కా ఒకటి ఊగుతోంది.

తర్వాత జుయ్యిమని చప్పుడు వినబడింది.

మా మేడ మెట్ల గది వెనక నుంచి అది లేచింది. నేరుగా పైకి. ఒక్క అంగుళం కూడా పక్కకి జరగలేదు. దాని వెనకే మెట్ల గది నీడలోంచి మా ఆవిడ బయటికి వచ్చింది. చీర కొంగు నెత్తిన కప్పుకుని, రెండు చేతుల్లో రిమోటు పట్టుకుని, స్క్రీను మీద ఎండ పడకుండా మీదకి వంగి ఉంది. వేళ్ళు తడుముకోలేదు. నేను లేపితే అది ఎటో ఒక పక్కకి జరుగుతుంది.

"సెప్పేనా నేదా?" అన్నారు మేస్టారు. ఆ వెంటనే ఎవరో చూసి, నోరు మూసుకుని, నా వైపు చూడలేక గొడుగు సర్దుకున్నారు.

డ్రోను చుక్కంత అయింది. చప్పుడు కూడా వినబడకుండా పోయింది. అక్కడ కదలకుండా నిలబడి ముక్కు దక్షిణం వైపు తిప్పుకుంది. మా వైపు రాలేదు. ఎవరి మేడ మీదకీ పోలేదు. ఎంతసేపు చూసినా అక్కడే ఉంది. తర్వాత ఎలా లేచిందో అలాగే నేరుగా దిగి మెట్ల గది వెనక మాయమైంది.

"మరి మీ మేడ మీదకి రాలేదు గదా," అన్నాను. 

"ఈ రోజు రానేదు. రోజూ రాదని గేరంటీ ఏటి?" అన్నారు ఆయన. మెట్లు దిగుతుంటే భుజం మీద చెయ్యి వేశారు. "ఇంటికెల్లి కేకలెయ్యకు. ముందు కనుక్కో," అన్నారు. పిల్లల్ని బెత్తంతో కొట్టిన చెయ్యే అయినా ఆ పూట అది మెత్తగానే ఉంది.

ఇంటికి వెళ్ళలేదు, మార్కెట్లోకే వెళ్ళి కూర్చున్నాను. మొదట కోపం వచ్చింది. తర్వాత ఆలోచన పట్టుకుంది. దక్షిణాన ఏముంది? బైపాస్ రోడ్డు ఉంది, ఫంక్షన్ హాళ్ళు, లాడ్జీలు ఉన్నాయి, అచ్యుతాపురం పోయే దారి ఉంది. ఏ మనిషి కోసం చూస్తోంది? మనసు ఎంత నీచంగా పోగలదో ఆ మధ్యాహ్నం తెలిసింది. నేను లేనప్పుడు మా ఆవిడ ఎవరితో మాట్లాడుతుంది, ఏ రోజు ఏ చీర కట్టుకుంది, అన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాను. గుర్తు రానివి కల్పించుకున్నాను కూడా.

సాయంత్రం అన్నం వడ్డిస్తుంటే మామూలుగా అడిగినట్టు అడిగాను. "ఈ రోజు మేడ మీదకి వెళ్ళావా?"

"ఎల్లేను. బట్టలు తియ్యాలి గదా," అంది. చేప ముక్క నా పళ్ళెంలో వేసింది. అబద్ధం కాదు. బట్టలు తీసే ఉంటుంది. అబద్ధం కాకపోవడమే నన్ను ఎక్కువ బాధ పెట్టింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు నేను మా ఇంట్లోనే పరాయివాడిలా మసిలాను. ఫోను మోగితే చెవి అటే పెట్టేవాణ్ణి. ఒకరోజు పెరట్లో ఎవరితోనో మాట్లాడుతూ ఉంది. నేను కుళాయి దగ్గరికి వెళ్ళేసరికి గొంతు తగ్గించింది. అయినా ఒక మాట పడింది. "ఆడి మాట నమ్మకు. ఆడు నీకూ నాకూ ఇద్దరికీ అబద్దాలే సెప్తన్నాడు. నేను సూత్తన్నాను గదా, నాకు తెలవదేటి?"

"ఎవరు ఫోన్లో?" అన్నాను.

"మా మరదలు," అని ఫోన్ పెట్టేసింది.

మా ఆవిడది పూడిమడక. సముద్రం ఒడ్డున చేపల వేట మీద బతికే ఇల్లు. తమ్ముడు ఒక్కడే, అక్కని 'అప్పా' అని పిలుస్తాడు, వాడికి సొంత బోటు ఉంది. ఆ మరదలు వాడి భార్య. కాని ఆ రోజు నా బుర్రలో బావమరిది లేడు. 'ఆడు' అంటే నేనే అనుకున్నాను. నన్ను గురించి ఈవిడకి ఏం తెలిసింది, మరదలితో ఎందుకు చెబుతోంది, 'సూత్తన్నాను' అంటే నన్నేనా చూస్తున్నది? కమీషన్ కొట్టు మేడ మీద నుంచి కనిపిస్తుందా అని, ఆ ఆదివారం నిజంగానే ముప్పై మీటర్లకి లేపి చూశాను. కొట్టు ఉన్నది మా ఇంటికి ఉత్తరాన. దక్షిణం వైపు తిప్పితే చెట్ల వెనక మసకే తప్ప ఏమీ లేదు.

ఇలాగే ఉంటే పిచ్చెక్కుతుందనిపించి, దసరాలు వెళ్ళాక ఒక మబ్బు రోజున మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాను. చెప్పులు కింద విడిచి, చప్పుడు కాకుండా మెట్లెక్కాను. ఆవిడ నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. డ్రోను అప్పటికే పైన ఉంది. గాలి బాగా వీస్తోంది. ఏం అడగాలో మెట్ల మీదే సిద్ధం చేసుకున్నాను, అడగబోయాను.

"అక్కడే ఆగిపోకండి, ఇలగ రండి. ఈ పక్కన నిలబడితే తెరమీద ఎలుగు పడదు," అంది, తల తిప్పకుండానే.

నేను వచ్చిన సంగతి ఎలా తెలిసిందో నాకు ఈనాటికీ తెలియదు. భుజం మీది తువ్వాలు తీసి ఆవిడ చెప్పిన వైపు పట్టుకుని నిలబడ్డాను. సిద్ధం చేసుకున్న మాటలన్నీ పోయాయి. స్క్రీను చూశాను. ఎత్తు దగ్గర నూట ఇరవై. కింద మా పేట అగ్గిపెట్టెల్లా ఉంది. దాని వెనక చెరకు తోటలు, బైపాస్ మీద లారీలు, ఇంకా వెనక అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీల పొగగొట్టాలు. వాటికీ ఆకాశానికీ మధ్య సన్నగా ఒక గీత. బూడిదరంగు.

"ఏమిటది?" అన్నాను.

"సముద్రం. అచ్చంగా మావూరే కాకపోయినా, ఆ పక్కే," అంది. "మబ్బు నేని రోజున సీసాలాగ మెరుత్తాది. ఈవేళ సూడండి, కుడి పక్కన గీతే నేదు. మబ్బు నీళ్ళ మీదకి దిగిపోనాది."

అప్పుడు చెప్పింది. కిందటేడు బోటు ఇంజను ఆగిపోయి తమ్ముడు సముద్రంలో చిక్కుకుపోయాడు. రోజుల తరబడి జాడ లేదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆ రోజుల్లో మేమిద్దరం పూడిమడకలోనే ఉన్నాం. బతికి వచ్చాక వాడు, వాతావరణం బాగోలేని రోజు వేటకి వెళ్ళనని భార్యకి, అక్కకి ఒట్టేశాడు. నాకు తెలియనిది ఆ తర్వాతది. వాడు ఒట్టు నిలుపుకోవడం లేదు. మబ్బు పట్టినా బోటు దించి దూరం వెళ్ళిపోతాడు. ఫోన్ చేస్తే ఇంట్లోనే ఉన్నానంటాడు.

"మొన్నోసారి ఫోన్లో ఇంటికాడే ఉన్నానప్పా అంటాడు, ఎనకాల ఇంజను సప్పుడు ఇనబడతంది. అప్పట్నించి ఆడి మాట నమ్మడం మానేసేను. ఒడ్డున ఉన్నోళ్ళకి ఒడ్డు మీది మబ్బే తెలుత్తాది. ఇక్కడ్నించి సూత్తే ఎంత దూరం నిలబడుందో మొత్తం కనిపిత్తాది. నల్లగా కనబడితే మా మరదలికి ఫోన్ సేత్తాను, ఆడ్ని పోనివ్వకే అని."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"కొత్తలో ఓసారి అడిగేను మిమ్మల్ని. పైకి పంపిత్తే సముద్రం కనిపిత్తాదా అని. ముప్పై కన్నా ఎల్లకూడదు, కేసవుతాది అన్నారు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే అంటారు." కొంచెం ఆగి, "ముప్పై పెట్టినప్పుడు సూసేను, సెట్లే అడ్డం వచ్చేయి. వంద కాడ కొంచెం తెలిసింది. నూట ఇరవై కాడ కనబడింది. అంతకంటే పెంచనేదు. అందులో ఐదొందల దాకా ఉన్నాది గానీ, అది మీ పేరు మీదున్నాది గదా. నూట ఇరవై దాటితే తప్పని రాసుంది," అంది.

నేను తువ్వాలు పట్టుకున్న చెయ్యి దించలేదు. వారాలుగా నేను ఎవరెవరి ముఖాలు ఊహించుకున్నానో వాళ్ళందరూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. సిగ్గుపడే వ్యవధి కూడా దొరకలేదు, ఎందుకంటే అప్పుడే ఆవిడ ఫోన్ తీసి తమ్ముడికి చేసింది. అందుబాటులో లేదని వినబడింది. మళ్ళీ చేసింది. మరదలికి చేసింది. మరదలు ఎత్తలేదు. స్క్రీను మీద గాలి ఎక్కువగా ఉందని ఎర్ర అక్షరాలు వస్తున్నాయి. గీత ఇంకా చిన్నదైంది.

"ఏవండీ, ఇంకొంచెం పెంచుతారా? మీకు తెలుసు గదా ఎలాగో. ఒక్కసారి. ఆ మబ్బు ఎనక ఏటుందో సూత్తాను."

నా వేలు సెట్టింగ్స్ మీదకి వెళ్ళింది. నోటీసు వచ్చింది. ఒప్పుకుంటున్నారా అని అడిగింది. దూరంగా ఎక్కడో గుబగుబమని హెలికాప్టరు చప్పుడు లాంటిది వినబడింది, ఉరుమో మరి. నేను నొక్కలేదు. "ఎంత పైకెళ్ళినా మబ్బు వెనక కనబడదు. మనిషి అసలే కనబడడు. దింపు. వెళ్దాం పద," అన్నాను.

ఆవిడ నన్ను ఒక్క క్షణం అనుమానంగా చూసింది. నిజంగా కనబడదా, లేక భయపడుతున్నానా అని. రెండూ నిజమే. దింపడం మొదలుపెట్టింది. ఆ గాలిలో అది అటూ ఇటూ ఊగుతూ దిగుతుంటే, నేనైతే పక్కింటి కొబ్బరి చెట్టుకి తగిలించేవాణ్ణి. ఆవిడ అరచేతిలోకి దింపుకుంది.

బండి మీద బయల్దేరాం. అచ్యుతాపురం దాటేసరికి వాన మొదలైంది. ఆవిడ నా వీపుకి ఆనుకుని, ఫోను కొంగులో చుట్టుకుని, దారంతా డయల్ చేస్తూనే ఉంది. పూడిమడక ఒడ్డుకి వెళ్ళేసరికి ఇద్దరం ముద్దయిపోయాం. బోట్లు చాలావరకు ఇసుక మీదకి లాగేసి ఉన్నాయి. ఆడవాళ్ళు ఎండు చేపల మీద పట్టాలు కప్పుతున్నారు. బావమరిది బోటు ఉండే చోట ఇసుకలో గాడి మాత్రం ఉంది. అక్కడే వాడి భార్య గోనె సంచీ నెత్తిన వేసుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే లేచింది.

"పొద్దున్నే ఎల్లిపోనాడొదినా. దగ్గర్లోనే అన్నాడు. నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు, అందుకే ఫోన్ ఎత్తనేదు," అని ఏడ్చింది.

మా ఆవిడ దగ్గరికి వెళ్ళింది. ఆ గోనె సంచీ కిందకి తను కూడా దూరి, మరదలి పక్కన కూర్చుంది. అలలు మట్టిరంగులో లేచి పడుతున్నాయి. నేను చలికి వణుకుతూ నిలబడ్డాను. ముందు ఒక బోటు వచ్చింది, వాడిది కాదు. తర్వాత రెండు కలిసి వచ్చాయి, వాటిలో ఒకటి వాడిది.

వాడు నీళ్ళలోకి దూకి బోటు పట్టుకుని, ఒడ్డున అక్కని చూశాడు. వెంటనే చూపు భార్య మీదకి తిప్పాడు. "నువ్వే సెప్పేవా?"

"నేను సెప్పనేదు, మీ ఒట్టు!"

"మరి ఎవరు సెప్పేరు? బావా, నువ్వా?"

"ఎవురూ సెప్పనేదు. నేనే సూసేను," అంది మా ఆవిడ.

"ఎక్కడ్నించి?"

"మా మేడ మీంచి."

వాడు నవ్వాడు. బోటు లాగడానికి వచ్చిన వాళ్ళు కూడా నవ్వారు. "అనకాపల్లిలో మేడ మీంచి సముద్రం కనిపిత్తాదంటప్పా!" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. అక్కడ మబ్బు ముందు కుడి పక్కన దిగిందని, తర్వాత నడిమికి వచ్చిందని, మేం బయల్దేరేసరికి ఎడమ పక్క ఒక్కటే తెరిపిగా ఉందని వరసగా చెప్పింది. వాడి నవ్వు ఆగిపోయింది. ఆ తెరిపి పక్క నుంచే వాడు చుట్టు తిరిగి వచ్చాడట. నా వైపు తిరిగాడు.

"బావా, నీ కాడున్న ఆ డ్రోనేనా? అంత దూరం సూత్తాదా అది? నన్ను కూడా సూసిందా?"

ఇన్ని మైళ్ళ నుంచి బోటు కాదు గదా, ఓడ కూడా దానికి కనబడదు. ఆ మాట నేను అనబోయాను. మా ఆవిడ నా వైపు చూడను కూడా లేదు, కొంగు పిండుకుంటూ ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను.

ఆ సాయంత్రం తిట్లు తిన్నది వాడు, వేడి అన్నం తిన్నది మేం. వాన వెలిశాక ఇంటికి వచ్చాం.

తర్వాతి ఆదివారం మేస్టారిని మా మేడ మీదకి పిలిచాను. జరిగిందంతా చెప్పాను. మా ఆవిడ ఎగరేసి చూపించింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని ఆ గీతని చాలాసేపు చూశారు. తమ్ముడి సంగతి విని "పాపం" అన్నారు. ఆ వెంటనే, "కెమెరా కిందకి కూడా తిరుగుతాది గదా?" అని అడిగారు. తిరుగుతుందని మా ఆవిడే ఒప్పుకుంది. చివరికి ఒక పద్ధతి కుదిరింది. ఎగరేసే ముందు ఆవిడ ఆయన కోడలికి కేకేసి చెబుతుంది. ఆయన తన మేడ మీద కుర్చీ వేసుకుని, అది పైకి పోయి దిగేదాకా తల ఎత్తి చూస్తూ ఉంటారు. మమ్మల్ని పూర్తిగా నమ్మారని అనుకోను. కాని స్టేషను మాట మళ్ళీ ఎత్తలేదు.

ఎత్తు హద్దు నూట ఇరవై దగ్గరే ఉంచేశాం. ఆదివారం నేను ఎగరేసినా నేను ముప్పై దాటను. మిగతా ఎత్తు ఆవిడది. స్నేహితుడిని అనుమానించిన సంగతి వాడికి చెప్పలేదు, ఒకరోజు పిలిచి కోడికూర మాత్రం పెట్టించాను.

బావమరిది మారాడని చెప్పలేను. కాని మబ్బు పట్టిన రోజున బోటు దించబోతూ ఒకసారి ఆకాశం వైపు చూస్తాడట, ఏదో ఎగురుతోందేమో అని. వాడి భార్య చెప్పి నవ్వింది. ఎగిరేది గ్రద్ద అని తెలిశాక కూడా నమ్మకం కుదరక అక్కకి ఫోన్ చేస్తాడు.

"అప్పా, ఈవేళ సూత్తన్నావా?"

"సూత్తన్నాను," అంటుంది మా ఆవిడ, వంటింట్లో కూరగాయలు తరుగుతూ.